మూడు ద్వారముల నడుమ నీలావతి

రోహిణికార్తె యెండలకు నెఱ్ఱెలువాఱిన నేలపై మృగశిర ప్రవేశించిన మూడవనాడు తొలిజల్లు కురిసి వెలిసెను. తడిసిన మట్టివాసన గాలియందు నిండియుండ పడమటి కొండల వెనుకనుండి మేఘములు గుంపులు గుంపులుగా వెడలివచ్చి యెటుపోవలయునో తెలియనివానివలె వేగావతీ నదిమీద నొకింతసేపు నిలిచి కొన్ని యుత్తరమునకును కొన్ని తూర్పునకును చెదరిపోవుచుండ, సువర్ణగిరి పట్టణమున పూర్వము రాజులు వేసవివిడిదిగా కట్టించి పిదప గానకళాశాలకు దానమిచ్చిన పాతమేడ యొక్క గవాక్షములన్నియు తెఱవబడి వాననీటి బిందువులతో మెఱయుచుండెను. ఒక గవాక్షమునుండి వీణానాదమును వేఱొక గవాక్షమునుండి మృదంగధ్వనియు మఱియొకచోటనుండి సరళీస్వరములు వల్లించు బాలికల సన్ననికంఠములును వెలువడి ముంగిలియందు కలిసికొని యేది యెవరిదో యేర్పఱుపరాని సంకులధ్వనియై వినువారికి ఇంపును చీకాకును ఏకకాలమున కలిగించుచుండెను.

ఆ మేడ వసారాయందు గోడకు తగిలించిన నల్లబల్లపై ఆ యుదయముననే యతికించిన ప్రకటనపత్రము ముందఱ ఇరువదిమూడేండ్ల యువతి యొకతె ఫిడేలుపెట్టెను రొమ్మునకు హత్తుకొని నిలిచి ఆ పత్రమును మూడవమాఱు చదువుచుండెను. సంగీతవిద్యయందు ప్రథమశ్రేణిని ఉత్తీర్ణులైనవారు మఱి రెండు సంవత్సరములు ఉన్నతవిద్య నభ్యసించుటకు ఈ యేటినుండి మూడు శాఖలు నెలకొల్పబడినవనియు, సభలయందు కచేరీలు చేయదలచువారు ప్రదర్శనశాఖయందును, ప్రాచీనగ్రంథములను రాగముల పూర్వోత్తరములను పరిశోధింపదలచువారు లక్షణశాఖయందును, ఉపాధ్యాయులు కాదలచువారు బోధనశాఖయందును చేరవచ్చుననియు, ఒక్కరు ఒక్క శాఖకు మాత్రమే దరఖాస్తు పెట్టుకొనవలయుననియు, చేరిన పిదప శాఖ మాఱుట యెంతమాత్రము పొసగదనియు, వచ్చు సోమవారమున పదిగంటలకు పరీక్ష జరుగుననియు అందు వ్రాయబడియుండెను. వాక్యములన్నియు తేటగనే యున్నవి. చదువుచున్న యామె మనస్సు మాత్రము చదివినకొలదియు చిక్కువడుచుండెను.

ఆమె పేరు నీలావతి. తాటిగెడ్డ గ్రామమున సన్నాయి వాయించుటయందు చుట్టుపట్ల నలువది గ్రామములలో సాటిలేనివాడని పేరొందిన అప్పన్నకు కడగొట్టు బిడ్డ. ఆడుబిడ్డ సన్నాయి పట్టుట ఆ కాలమున లోకులు మెచ్చని పని యగుటచే అప్పన్న పండ్రెండవయేట ఆమెను తీసికొనివచ్చి గానకళాశాలయందు ఫిడేలు గురువైన రామలింగస్వామిగారి పాదములకడ విడిచి, పిదప అయిదేండ్లకు జ్వరముచే కాలధర్మమునొందెను. గురువుగారు చెప్పిన పాఠమెల్ల నామె రెండవమాఱు అడుగకయే పట్టుకొనెను. అంతకన్న విచిత్రమైనది ఆమె పక్కవాద్యము. పాడువారి కంఠమున సంగతి, అనగా స్వరముల మలుపు, పూర్తికాకమున్నే అది యెచట దిగునో యెఱిగినట్లు ఆమె కమాను కదలుచుండెను. పాడువాడు తడబడినయెడల ఆ తడబాటును కూడ అందముగా తోచునట్లు మఱుగుపఱచుచుండెను. అందఱును ఆమెను మెచ్చిరి, అందఱును ఆమెను పిలిచిరి. కాని నీవేమి వాయింతువని ఆమెను అడిగినవారు లేరు. అడుగవలయునని ఆమెకును తోచియుండలేదు. చీర కొనుటకు పోయినను తోడివారు చూపినదియే బాగున్నదనును. "అలాగే" యను మాట ఆమె నాలుకపై సర్వదా సిద్ధముగా నుండెడిది.

ఆమె ప్రకటన చదువుచుండగనే ఆమె సహాధ్యాయినియు ప్రాణసఖియు గాత్రవిద్యయందు కళాశాలకెల్ల ప్రథమగణ్యయునైన మంగతాయారు వెనుకనుండి వచ్చి భుజముపై చేయివైచెను.

"ఇంకా ఏం చూస్తున్నావే? ప్రదర్శన శాఖ అని రాసి ఇచ్చెయ్. నేను పాడతాను, నువ్వు వాయిస్తావు. రెండేళ్లు ఇద్దరం కలిసి కచేరీలు చేస్తే మనల్ని విడదీసేవాళ్లుండరు. నువ్వు పక్కన లేకపోతే నాకు రాగం మధ్యలో ఊపిరాడదు, తెలుసా?"

ఆ చివరిమాట పరిహాసముగా పలుకబడినను పరిహాసము కాదని నీలావతి యెఱుగును. రెండేండ్ల క్రిందట నొక సభయందు మంగతాయారు స్వరకల్పనయందు దారితప్పి కన్నుల నీరు నించుకొన్నప్పుడు ఫిడేలుతో ఆమెను చేయిపట్టి గట్టునకు చేర్చినది తానే.

"అలాగే" అని పలికి ఆ గడియలోనే గుమాస్తా కూర్మారావు కిటికీకడకు పోయి ప్రదర్శనశాఖకు దరఖాస్తు వ్రాసి యిచ్చెను.

మఱునాడు లక్షణశాస్త్రోపాధ్యాయులైన సోమయాజులుగారు ఆమెను గ్రంథాలయమునకు పిలిపించిరి. డెబ్బదియేండ్ల వయస్సుననున్న ఆ పండితుడు తాటాకు గ్రంథముల నడుమ కూర్చుండి కన్నులకు మిక్కిలి దగ్గరగా నొక పత్రమును పట్టుకొని చూచుచుండెను.

"కూర్చో అమ్మా. నువ్వు రాగం వినే తీరు నేను కనిపెడుతూనే ఉన్నాను. ఒక స్వరం వెంట్రుకవాసి జారితే నీ కనుబొమ్మ కదులుతుంది. అటువంటి చెవి పుస్తకాలు చదివితే రాదు. నాకు చూపు తగ్గిపోతోంది. ఈ తాటాకులు నా తరవాత ఎవరు విప్పుతారో తెలియడం లేదు. లక్షణ శాఖలో చేరతావా?"

వృద్ధుని చేతివ్రేళ్లు ఆ పత్రమును నిమురుచుండుట చూచి నీలావతి హృదయము కరగెను. మంగతాయారుతో నిన్న చెప్పిన మాట జ్ఞాపకమునకు వచ్చినను దానిని ఈయన యెదుట పలుకుట యెట్లో ఆమెకు తెలియలేదు. "అలాగేనండి" అనెను. రెండవ దరఖాస్తు వ్రాసెను.

గురువారమునాడు అధ్యక్షులైన వరాహమూర్తి పంతులుగారు తమ గదికి పిలిచి మన్యము వైపు బడులనుండి వచ్చిన యుత్తరముల కట్టను ఆమె ముందఱ పెట్టిరి. "చూడు నీలావతీ, ఆడపిల్లలకు ఫిడేలు చెప్పే పంతులమ్మ మన ప్రాంతంలో ఒక్కతీ లేదు. నీవంటి పిల్ల బోధన శాఖలో చేరితే ఎన్ని ఊళ్లకు మేలు! నువ్వు కాదనవు. నాకు తెలుసు." నిజమే. ఆమె కాదనలేదు. మూడవ దరఖాస్తును కూర్మారావు వేఱొక కట్టయందు చేర్చుకొని దానిమీద ముద్రవైచెను. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క కట్ట వేఱుగానుండుటచే ఒక్క పేరే మూడింటను ఉన్నదని ఆయనకు తోపలేదు.

కపటమునకై యామె ఇట్లు చేసినదని పాఠకులు తలపరాదు. ఒక్కొక్కరి యెదుట నిలిచినప్పుడు ఆమె చెప్పిన "అలాగే" ఆ క్షణమున సంపూర్ణముగా సత్యమే. సఖిని చూచినప్పుడు తాను సభావేదికకే పుట్టితినని తోచును. వృద్ధపండితుని చూచినప్పుడు తాటాకులే తన జీవితమని తోచును. ఉత్తరములు చదివినప్పుడు ఎన్నడును చూడని పల్లెల బాలికలు తన కొఱకు వేచియున్నట్లు కనబడును. వారి సమక్షమునుండి ఇవతలికి వచ్చినతోడనే ఆ తోచినదంతయు పొగవలె విడిపోయి తానేమి కోరుచున్నదో తనకే తెలియని శూన్యము మిగులును. ఆ శూన్యమును భరింపలేక ఆమె శనివారమునాడు గురువుగారి యింటికి పోయెను.

రామలింగస్వామిగారు పడకకుర్చీయందు కూర్చుండియుండిరి. వారి యెడమచేయి ఏడాదినుండి వణకుచుండుటచే ఫిడేలు గోడకు వ్రేలాడుచుండెను. నీలావతి ఆయన పాదములకడ కూర్చుండి జరిగినదంతయు దాచక చెప్పి కన్నులొత్తుకొనెను.

"నన్నేం చెయ్యమంటారండి? మీరు ఏది చెబితే అదే చేస్తాను."

ఆయన మెల్లగా ననిరి. "నేను చెప్పను."

"ఎందుకండి?"

"చెబితే నువ్వు వింటావు. అదే నా భయం."

ఆమె ఆ మాటకు అర్థము తెలియక ఆయన ముఖమును చూచెను. గోడమీది ఫిడేలు వైపు ఆయన చూపు ఒక్కసారి పోయి మఱలివచ్చుట కనిపెట్టి తన బాణీ నిలుపుటకు శిష్యురాలు ప్రదర్శనశాఖయందే చేరవలయునని ఆయన కోరుచున్నారని నిశ్చయించుకొనెను. నోటితో చెప్పనందున ఆ కోరిక చెప్పినదానికన్న బరువైనట్లు తోచెను. వచ్చినప్పటికన్న నెక్కుడు చిక్కుతో ఆమె లేచిపోయెను.

సోమవారము వచ్చెను. కళాశాల ముంగిలికి మూడువైపుల నున్న మూడు గదులయందు మూడు శాఖల పరీక్షకులు కూర్చుండిరి. పదునొకండు గంటలు కొట్టిన కొలదిసేపటికి తూర్పుగది వాకిట నిలిచిన బంట్రోతు "నీలావతి!" యని పిలిచెను. ఆమె ఫిడేలు తీసికొని రెండడుగులు వైచెను. అంతలో ఉత్తరపుగది బంట్రోతు "అప్పన్నగారి నీలావతి!" యని కేకవైచెను. ఆమె నిలిచి అటు తిరిగెను. తిరిగిన క్షణముననే పడమటిగది నుండి "తాటిగెడ్డ నీలావతి యెవరమ్మా?" యను పిలుపు వినవచ్చెను.

ముంగిలి నడుమ ఆమె స్తంభమువలె నిలిచిపోయెను. తూర్పుగది కిటికీలోనుండి తంబురా ఒడియందుంచుకొని కూర్చున్న మంగతాయారు రమ్మని చేసైగ చేయుచున్నది. ఉత్తరపుగది గడపయందు సోమయాజులుగారు చేయి నొసటికి అడ్డముపెట్టుకొని ఎండలోనికి చూచుచున్నారు. పడమటివైపు పంతులుగారి కంఠము వినబడుచున్నది. బంట్రోతులు మువ్వురును ఒకరినొకరు చూచుకొని మా పిల్ల యనగా మా పిల్ల యని మఱల కేకలు వైచిరి. వసారాలోని విద్యార్థులు మొదట నవ్విరి. పిదప ఆమె ముఖము చూచి నవ్వు మానిరి. ఏ వాకిటికి పోయినను మిగిలిన రెండు వాకిళ్లకు ద్రోహము చేసినదగును. ఎచటికిని పోకున్న మూడింటికిని ద్రోహమగును. కాళ్లక్రింది నేల తిరుగుచున్నట్లును, ఆ తిరుగుటయందు మూడు ద్వారములును ఒక్కటైపోవుచున్నట్లును ఆమెకు భ్రాంతి కలిగెను. ఫిడేలుపెట్టె చేతినుండి జాఱబోగా రెండు చేతులతో పట్టుకొని అట్లే నేలపై కూర్చుండిపోయెను.

పెద్దలందఱును బయటికి వచ్చిరి. కూర్మారావు మూడు కట్టలును తెచ్చి మూడు దరఖాస్తులును బయటపెట్టెను. వరాహమూర్తి పంతులుగారి ముఖము ఎఱ్ఱవాఱెను.

"ఇదేమిటి? నాతో అలాగేనన్నావు కదా?"

"నాతోనూ ఆ మాటే అందండీ" అనిరి సోమయాజులుగారు విస్మయముతో.

"నాకు అందరికన్నా ముందు చెప్పింది" అనెను మంగతాయారు.

"మరి వీటిలో నీ మాట ఏది?" అని పంతులుగారు గద్దించిరి.

"తెలియదండి" అనెను నీలావతి. ఆ మాట చెప్పునప్పుడు ఆమె ఏడ్వలేదు. ఏడ్చుటకు కూడ ఏదో ఒక వైపు నిలువవలయును కదా.

నిబంధన ప్రకారము మూడు దరఖాస్తులును రద్దు కావలయునని పంతులుగారు చెప్పిరి. వారి కంఠమున కోపముకన్న కష్టమే యెక్కువగా నుండెను. అంతవఱకు స్తంభమున కానుకొని నిలిచియున్న రామలింగస్వామిగారు అప్పుడు ముందునకు వచ్చిరి.

"తీసెయ్యండి పంతులుగారూ, కాదనను. కాని ఈ పిల్ల పదకొండేళ్లుగా మనందరికీ పక్కవాద్యం వాయిస్తోంది. ఒక్కసారి తను వాయిస్తే విందాం. ఆ తరవాత తీసెయ్యండి."

పంతులుగారు అంగీకరించిరి. అందఱును పెద్దసభాగృహమునకు నడచిరి. నీలావతి వేదికపై కూర్చుండి తంత్రులు శ్రుతిచేసెను. "నీకిష్టమైన రాగం వాయించు" అని గురువుగారు పలికి చివరివరుసకు పోయి కూర్చుండిరి.

అంతకన్న సులభమైన యాజ్ఞ వేఱొండు లేదు. అంతకన్న కఠినమైనదియు ఆమె కింతకుముందు దొరకలేదు. శ్రుతిచేసిన తంత్రులనే మఱల శ్రుతిచేసెను. కల్యాణి తలపునకు వచ్చెను, అది మంగతాయారుది. భైరవి వచ్చెను, అది గురువుగారిది. తోడి వచ్చెను, దానివెనుక సోమయాజులుగారు వ్రేలెత్తి శ్రుతులు లెక్కించుచుండిరి. వచ్చిన ప్రతి రాగమును ఎవరిదో ఒకరి ముఖము తొడుగుకొనియే వచ్చుచుండెను. అలవాటుచే ఆమె కన్నులు ముందువరుసలో నున్న మంగతాయారును వెదకెను. మంగతాయారు కోపమును మఱచి ఒక రాగము పేరు అందింపబోవ వెనుకనుండి గురువుగారు వలదని వారించిరి. ఆ నిశ్శబ్దము ఎంతసేపు సాగినదో చెప్పజాలము. పరీక్షకులలో నొకరు గడియారము తీసిచూచిరి.

అట్టి తరుణమున ఆమె యుద్దేశింపకయే కమాను కదలెను. అప్పన్న తన బ్రతుకునాళ్లలో తాటిగెడ్డ పొలిమేరయందు ఎదురుకోలు సన్నాహమునకు మగపెండ్లివారు బండ్లు దిగునప్పుడు వాయించుచుండిన చిన్నసంగతి యది. కళాశాలయందు ఎవరును దానిని నేర్పలేదు, ఆమెయు నెన్నడు వాయింపలేదు. పైనుండి నెమ్మదిగా దిగివచ్చుచున్న ఆ సంగతి గాంధారముకడకు వచ్చి అచట నిలిచెను. ముందునకును పోలేదు, వెనుకకును పోలేదు. ఒక నిట్టూర్పు పట్టునంతసేపు అట్లే నిలిచి పిదప రిషభమునకు దిగి షడ్జమున విశ్రమించెను. ఆమె దానిని మఱల వాయించెను. మూడవమాఱును వాయించెను.

"దర్బారు. స్పష్టంగా దర్బారు" అనిరి పంతులుగారు.

"క్షమించాలి, అది నాయకి" అనిరి గురువుగారు చివరివరుస నుండి.

ఆ రాగములు రెండును స్వరములచేత అక్కచెల్లెండ్రవంటివి. గాంధారమును పలికించు తీరునందే వానికి ముఖ్యభేదము. దర్బారున ఆ స్వరము నొక్కిపలికి నిలుకడగా దిగును. నాయకియందు అది రిషభము చెంగు పట్టుకొని మందముగా నూగును. నీలావతి వాయించిన గాంధారము రెంటికిని నడుమ నుండెను. పరీక్షకులు రెండుపక్షములై వాదించిరి. దర్బారన్నవారు మఱల విని నాయకి యనిరి. నాయకి యన్నవారు సందేహమున పడిరి. సోమయాజులుగారు మాత్రము కన్నులు మూసికొని "ఇంకోసారి" యనుచు ఆఱుమాఱులు వాయింపించుకొని కడకు తలయూపిరి.

"ఇది తప్పమ్మా. ఈ గాంధారం ఏ గ్రంథంలోనూ లేదు."

"తప్పు కాదండి."

సభయంతయు ఉలికిపడెను. అంతకన్న నెక్కువగా నీలావతియే యులికిపడెను. ఆ నోటినుండి కాదను మాట వెడలుట అందఱికి కొత్త. ఆమె కమానును గట్టిగా పట్టుకొని తొందరతొందరగా పలికెను. "మా అయ్య ప్రతి పెళ్లికీ వాయించేవాడండి. తప్పయితే ఒకసారి వాయిస్తాడు. ముప్పై ఏళ్లు ఎందుకు వాయిస్తాడు?"

"అయితే ఇది ఏ రాగం?"

"నాకు తెలియదండి." ఒక్క క్షణమాగి, ఆ మాట తనదో కాదో చెవియొగ్గి వినుచున్నదానివలె, మఱల పలికెను. "తెలుసుకోవాలని ఉందండి."

సోమయాజులుగారు కన్నులద్దములు తీసి ఉత్తరీయముతో తుడుచుకొనిరి. "నాకూ తెలియదు తల్లీ. నాకు తెలియనిది నీకెలా చెప్పగలను? లక్షణ శాఖలో చేరినా నేను నీకు చూపించే దారి లేదు."

"ఫరవాలేదండి. వెతుకుదాం."

పంతులుగారు రద్దుమాట విడిచి మూడు దరఖాస్తులను ఆమె ముందఱ పఱచి వానిలో రెంటిని తన చేతితోనే కొట్టివేయుమనిరి. బోధనశాఖ పత్రముపై ఆమె గీతగీచునప్పుడు పంతులుగారు ముఖము పక్కకు త్రిప్పుకొనిరి. ఉత్తరముల కట్ట ఆమె తలపునకు వచ్చెను. ప్రదర్శనశాఖ పత్రముపై కలమానించి చాలసేపు కదల్పలేకపోయెను. గీత పూర్తియైన చప్పుడు విన్నట్లుగా మంగతాయారు లేచి వెనుదిరిగిచూడక సభాగృహమునుండి వెడలిపోయెను.

ఎన్నికతో చిక్కులన్నియు విడిపోయినవని వ్రాయుట కథకునకు సులభమే కాని అది నిజము కాదు. మంగతాయారు నాలుగు మాసములు ఆమెతో మాటాడలేదు. విజయదశమినాటి మొదటి కచేరీకి వేఱొకరిని పక్కవాద్యమునకు కుదుర్చుకొని, రాగమధ్యమున రెండుమాఱులు తడబడి, ఎవరి చేయూతయు లేకయే తడబాటునుండి తేరుకొని పాడెను. శ్రోతల నడుమ కూర్చున్న నీలావతి వ్రేళ్లు ఆమె కెఱుకలేకయే మోకాలిపై కదలుచుండెను. సఖి తనంతట తేరుకొన్నందుకు ఆనందింపవలయునో, తాను అక్కఱలేకపోయినందుకు దుఃఖింపవలయునో తెలియక, కచేరీ ముగిసినతోడనే లేచి వాకిటికి నడచెను. వెనుకనుండి మంగతాయారు పరుగున వచ్చి చేయిపట్టుకొనెను.

"ఎలా ఉందే?"

"రెండుసార్లు జారావు."

"తెలుసు. నువ్వుంటే ఎవరికీ తెలిసేది కాదు." ఆమె నవ్వుటకు ప్రయత్నించెను. "నీమీద కోపం ఇంకా పోలేదు. అయినా రేపు మా ఇంటికి భోజనానికి రా."

గురువుగారికడ ఆమెకు వేఱొక యాశ్చర్యము కలిగెను. మీ బాణీ నిలుపలేకపోతినని క్షమాపణ చెప్పబోగా ఆయన కొంతసేపు గోడమీది ఫిడేలును చూచి, "బాధగా లేదని అబద్ధం చెప్పను. కాని నువ్వు నా కోసం ఒప్పుకుని ఉంటే ఆ బాధ నీకు వచ్చేది. పెద్దవాణ్ని, నేను మొయ్యగలను" అనిరి.

గ్రంథాలయమున పరిశోధన ముందునకు సాగుటకు మాఱుగా నలుదిక్కులకు చెదరుచుండెను. ఒక గ్రంథకర్త చెప్పినదానిని వేఱొకడు ఖండించును. మఱియొకడు ఇరువురును పొరబడిరనును. సోమయాజులుగారికి ఆమె తాటాకులు చదివి వినిపించును. ఆయన యుదయమున నొక సిద్ధాంతము చేసి సాయంకాలమున దానిని తామే త్రోసివేయుదురు. మార్గశిరము వచ్చునప్పటికి ఆమెకడ నూఱు పుటల టిప్పణములు పోగయ్యెను గాని వానిలో ఒకదానితో నొకటి పొసగు పుటలు రెండు లేవు. పంతులుగారు కనబడినప్పుడెల్ల మన్యమునుండి మఱల ఉత్తరము వచ్చినదని చెప్పుచుండిరి. తాను పొరబడితినా యను సందేహము ఆమెను విడువలేదు.

కడకు ఆమె ఫిడేలు తీసికొని తాటిగెడ్డకు పోయెను. అప్పన్నకు ముప్పది సంవత్సరములు డోలు వాయించిన గవరయ్య అచట నింకను బ్రతికియుండెను. అతడు తన యింటి యరుగుమీద ఎండకాగుచు కూర్చుండి ఆమెను చూచి గుర్తుపట్టి పొంగిపోయెను. నీలావతి ఆ సంగతిని వాయించి చూపి అడుగవలసినది అడిగెను.

"మావా, మా అయ్య ఇక్కడ ఆగేవాడు కదా. ఇక్కడి నుంచి ఎటు దిగేవాడు? ఏ రాగం అనుకుని వాయించేవాడు?"

"ఏటమ్మా, సదువుకున్నోళ్లకి తెల్నిది నాకు తెలస్తాదేటి?" అని గవరయ్య పండ్లులేని నోటితో నవ్వెను. "రాగాలు నాకు తెల్వవు తల్లీ. మీ అయ్య ఆడకొచ్చి ఆగిపోయేవోడు. ఎటు దిగుతాడో నాకు తెలిసీది కాదు. నాను పుల్ల ఎత్తి అట్టుకుని ఆడి మొకమే సూసేవోణ్ని. ఓనాడు అటు దిగీవోడు, ఓనాడు ఇటు దిగీవోడు. ఓపాలి అడిగినాను, ఏట్రా అప్పన్నా, ఆడ నన్నిలా సంపుతావు అని."

"ఏమన్నాడు?"

"నాకూ తెల్దురా గవరా, దిగినాక తెలస్తాది అన్నాడు."

నీలావతి కమానును ఒడిలో పెట్టుకొనెను. ముప్పది సంవత్సరములు ఒక్క సంగతిని వాయించినవాడు ప్రతి పెండ్లియందును అచటికి వచ్చి ఎటుపోవలయునో తెలియక నిలిచెనని, ఆ తెలియమిని దాచుకొనక పెండ్లివారందఱి యెదుట దానినే వాయించెనని, తాను చిన్ననాడు విని మఱువలేకపోయినది ఆ నిలుకడనే యని ఆమెకు మెల్లమెల్లగా బోధపడెను. ఆమె పెదవులపై నవ్వు పుట్టెను. కన్నులయందు నీరును పుట్టెను. రెంటిలో ఏది ముందుపుట్టినదో చూచుచున్న గవరయ్య చెప్పజాలడు.

"డోలు ఉందా మావా?"

"ఉన్నాది. తోలు జారిపోనాది."

"ఫరవాలేదు. తియ్యి."

గవరయ్య అటకమీది డోలు దింపి దుమ్ముదులిపి తాళ్లు బిగించుకొని ఒడిలో పెట్టుకొనెను. మార్గశిరపు లేతయెండ అరుగుమీద ఏటవాలుగా పడుచుండెను. ఎదుటి కళ్లమున వరిపనలు కొట్టుచున్న స్త్రీలు ఫిడేలు మ్రోత విని తలలెత్తిరి. నీలావతి కమాను పైనుండి మెట్టుమెట్టుగా దిగివచ్చి గాంధారముకడ నిలిచెను. గవరయ్య పుల్లనెత్తి ఆమె ముఖమును చూచెను. మానవుడు తన దారి నెఱుగని క్షణమున తొందరపడి పరుల దారిని తనదిగా తలచుకొనుట వలన కలుగు శాంతికన్న, తెలియదని యొప్పుకొని కొంతసేపు నిలువగల ధైర్యమే మేలైనదేమో. అరుగుమీది వృద్ధుడును కళ్లములోని స్త్రీలును ఊపిరి బిగపట్టి చూచుచుండ, అప్పన్న కుమార్తె యెటు దిగునో యెవరికిని తెలియక, ఎత్తిన పుల్ల అట్లే గాలియందు నిలిచియుండెను.